వెనకాల ఉండే చిన్న మాట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోను చేసి, "నువ్వు ఇంజనీరువి గదా, టెక్నాలజీ గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. సరే అన్నాను. తర్వాత ఆలోచిస్తే, టెక్నాలజీ గురించి మనకు మన పిల్లలే రోజూ పాఠాలు చెప్తున్నారు, మళ్ళీ నేనెందుకు అనిపించింది. నేను ముప్పై ఏళ్ళకు పైగా పంపులు, వాల్వులు, మోటార్ల మధ్య ఉద్యోగం చేశాను. ఆ ఉద్యోగంలో నన్ను మనిషిగా నిలబెట్టింది ఇంజనీరింగు కాలేజీ పుస్తకం కాదు. ఈ బడిలో తొమ్మిదో తరగతిలో చెప్పిన ఒక ఇంగ్లీషు పాఠం. పాసివ్ వాయిస్‌లో ఫ్రేజల్ వెర్బులను ఎట్లా వాడాలి అనే పాఠం. ఇవాళ దాని గురించే మాట్లాడతాను. నవ్వుతున్నారు, నవ్వండి. చివరిదాకా వింటే చాలు.

మా ఇంగ్లీషు సారు పేరు నేను చెప్పను. చెప్పకపోయినా ఇక్కడ సగం మందికి తెలుసు. ఆయనను పేరుతో పిలిచిన అలవాటు మనలో ఎవరికీ లేదు, 'ఇంగ్లీషు సారు' అంతే. మేము తెలుగు మీడియం పిల్లలం. గౌలిపురా, లాల్ దర్వాజా, శాలిబండ, అలియాబాద్ నుంచి నడుచుకుంటూ వచ్చేవాళ్ళం. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ ఉర్దూ, బడిలో మాత్రమే ఇంగ్లీషు, అదీ ఆ ఒక్క పీరియడ్‌లో.

యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చడం మాకు ఒక ఆటలా ఉండేది. 'రామా కిల్డ్ రావణా' అంటే 'రావణా వాజ్ కిల్డ్ బై రామా'. ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకు, మధ్యలో 'వాజ్', 'బై'. లెక్కల కంటే సులువు. అందరికీ పదికి పది వస్తున్నాయని సారుకు అనుమానం వచ్చింది. ఒక రోజు బోర్డు మీద ఇట్లా రాశారు: 'ది రివర్ స్వెప్ట్ అవే ది బ్రిడ్జ్.' నది వంతెనను కొట్టుకుపోయేలా చేసింది అని. నన్ను లేపి మార్చమన్నారు. నేను ధైర్యంగా, 'ది బ్రిడ్జ్ వాజ్ స్వెప్ట్ బై ది రివర్' అన్నాను.

సారు చాక్‌పీసు కింద పెట్టి, "ఏమిరా, మూసీ చీపురు పట్టుకొని వంతెన ఊడ్చిందా?" అన్నారు.

క్లాసంతా నవ్వింది. 'అవే' తీసేస్తే మిగిలేది 'స్వెప్ట్', అంటే ఊడ్చింది అని అర్థం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద అఫ్జల్‌గంజ్ వంతెనను తీసుకుపోయిన సంగతి మా ఇళ్ళలో ముసలివాళ్ళు కథలా చెప్పేవాళ్ళు. అంత పెద్ద వరదను నేను ఒక్క మాట మింగేసి చీపురు చేశాను.

సారు అక్కడితో వదల్లేదు. "తెలుగులో చెప్పు. వంతెన ఏమైంది?" అన్నారు. "కొట్టుకుపోయింది సార్" అన్నాను. "అందులో 'పో' తీసేసి చెప్పు." "కొట్టుకుంది." "కొట్టుకుపోవడం, కొట్టుకోవడం ఒకటేనా?" కాదు. "మన భాషలో 'పో' ఎట్లా అతుక్కొని ఉంటదో, ఇంగ్లీషుల ఈ 'అవే' గూడ అట్లనే. వాక్యం తిరగేసినా, బోర్లేసినా, ఆ చిన్న మాట వెర్బుతోనే పోవాలె. దాన్ని దారిలో దించెయ్యొద్దు."

ఈ పాఠంలో మొదటి సూత్రం అంతే. 'పుట్ ఆఫ్', 'టర్న్ డౌన్', 'కట్ ఆఫ్', 'సెట్ అప్', ఇవి చూడటానికి రెండు మాటలు, పనిలో ఒక్క మాట. వీటికి ఫ్రేజల్ వెర్బులు అన్న పేరును లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అనే పుస్తకంలో వాడాడు. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు. పేరు కొత్తదే గానీ మాటలు అంతకంటే చాలా పాతవి. పాసివ్‌లో వీటిని వాడాలంటే వెర్బు మూడో రూపం రాసి, చిన్న మాటను దాని పక్కనే ఉంచాలి. 'వాజ్ పుట్ ఆఫ్', 'హాజ్ బీన్ టర్న్‌డ్ డౌన్', 'ఈజ్ బీయింగ్ సెట్ అప్', 'మస్ట్ బీ కట్ ఆఫ్'. ముందున్న మాటలు కాలాన్ని బట్టి మారతాయి. వెనకాలది మారదు.

సారు ఉదాహరణలన్నీ మన చుట్టుపక్కల నుంచే వచ్చేవి. లండన్ బ్రిడ్జి మాకు తెలియదు, పురానాపూల్ తెలుసు. 'పురానాపూల్ వాజ్ పుట్ అప్ ఇన్ 1578.' 'చార్మినార్ వాజ్ పుట్ అప్ ఇన్ 1591 బై మహమ్మద్ కులీ కుతుబ్‌షా.' 'ఉస్మానియా యూనివర్సిటీ వాజ్ సెట్ అప్ ఇన్ 1918.' 'ది సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వాజ్ సెట్ అప్ ఇన్ హైదరాబాద్ ఇన్ 1958.' ఇప్పుడు తార్నాక దగ్గర ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ అదే. 1908 వరద తర్వాత మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు గదా, వాటికి ఒక వాక్యం: 'ది ఫ్లడ్స్ ఆర్ హెల్డ్ బ్యాక్ బై టూ డ్యామ్స్.' ఇంగ్లీషుతో పాటు ఊరి చరిత్ర కూడా వచ్చేది, ఫీజు లేకుండా.

ఒకే జంట మాటకు రెండు అర్థాలుంటాయని చెప్పడానికి ఆయన అఫ్జల్‌గంజ్ చింతచెట్టును తెచ్చారు. వరదలో ఆ చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టును ఇప్పటికీ చూపిస్తారు. 'దే వర్ హెల్డ్ అప్ బై ఎ ట్యామరిండ్ ట్రీ', అంటే చెట్టు వాళ్ళను పైకెత్తి నిలబెట్టింది. అదే 'హెల్డ్ అప్' మదీనా చౌరస్తాకు వస్తే? 'ది బసెస్ వర్ హెల్డ్ అప్ ఎట్ మదీనా', బస్సులు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి. ఒకచోట ప్రాణం నిలిచింది, ఒకచోట బండి నిలిచింది. పక్కనున్న మాటలు చూసి అర్థం తెలుసుకోవాలి.

రెండో సూత్రం దగ్గర చాలామంది తడబడతారు. 'మై గ్రాండ్‌మదర్ లుక్డ్ ఆఫ్టర్ మీ.' దీన్ని తిప్పితే 'ఐ వాజ్ లుక్డ్ ఆఫ్టర్ బై మై గ్రాండ్‌మదర్.' 'ఆఫ్టర్', 'బై' పక్కపక్కన పడ్డాయి. రెండు చిన్న మాటలు అట్లా కలిసి కూర్చుంటే ఏదో తప్పున్నట్టు కనిపించి, మేము ఒకదాన్ని కొట్టేసేవాళ్ళం. సారు ఒక్కటే చెప్పేవారు: "'ఆఫ్టర్' వెర్బుకు తోక. 'బై' పని చేసినోనికి తల. తోక వేరు, తల వేరు. ఏదీ నరకొద్దు." మూడు మాటలవైనా అంతే. 'ది ఫీజ్ వర్ డన్ అవే విత్', ఫీజు ఎత్తేశారు. 'నో చైల్డ్ షుడ్ బీ లుక్డ్ డౌన్ అపాన్', ఏ పిల్లవాడినీ చిన్నచూపు చూడకూడదు. ఈ రెండో వాక్యాన్ని ఆయన బోర్డు మీద వారం రోజులు తుడపనివ్వలేదు. ఎవరి కోసం రాశారో అప్పుడు మాకు అర్థం కాలేదు. క్లాసులో చెప్పుల్లేకుండా వచ్చేవాళ్ళు నలుగురున్నారు. నేను వాళ్ళలో ఒకణ్ణి.

ఇంకో చిన్న సంగతి. యాక్టివ్‌లో ఈ చిన్న మాట కొంచెం అటూ ఇటూ తిరుగుతుంది. 'స్విచ్ ఆఫ్ ది లైట్' అనొచ్చు, 'స్విచ్ ది లైట్ ఆఫ్' అనొచ్చు. 'ఇట్' వస్తే మాత్రం 'స్విచ్ ఇట్ ఆఫ్' అనే అనాలి. పాసివ్‌లో ఆ తకరారే లేదు. లైటు ముందుకు పోయింది కాబట్టి మధ్యలో దూరేది లేదు. 'ది లైట్ వాజ్ స్విచ్డ్ ఆఫ్', అంతే.

మూడో సూత్రం: అన్నిటినీ పాసివ్‌లో పెట్టలేం. పనిని అందుకునేది ఒకటి ఉంటేనే దాన్ని ముందుకు తేగలం. బస్సు దారిలో ఆగిపోతే 'ది బస్ బ్రోక్ డౌన్' అనాలి. 'ది బస్ వాజ్ బ్రోకెన్ డౌన్' అని ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే కొత్త ఇంజనీర్లు రాస్తున్నారు. బస్సు తనంతట తాను ఆగింది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేదు. అదే తలుపైతే? 'ది డోర్ వాజ్ బ్రోకెన్ డౌన్ బై ది పోలీస్' సరైనదే, ఎందుకంటే తలుపును వాళ్ళు పగలగొట్టారు. విమానం విషయంలో 'టుక్ ఆఫ్' అంతే. జాబితాలోంచి పేరు తీసేస్తే 'హిజ్ నేమ్ వాజ్ టేకెన్ ఆఫ్ ది లిస్ట్'. ఇంకొన్నిటికి కర్మ ఉన్నా పాసివ్ ఒప్పదు. 'ఐ టేక్ ఆఫ్టర్ మై ఫాదర్', నాకు నాన్న పోలిక. దాన్ని తిప్పితే మా నాన్న ఎవరికీ అర్థం కాడు.

ఇంత కష్టం మనకెందుకు వస్తుందంటే, పాసివ్ మన నోటికి అలవాటు లేదు. 'ఇచ్చట పిండి పట్టబడును' అని గిర్నీ బోర్డు మీద చూస్తాం. ఆ గిర్నీకి పోయి మాత్రం "పిండి పడతారా?" అని అడుగుతాం. 'నాచేత అన్నం తినబడింది' అని ఏ ఇంట్లోనూ వినం. కానీ చేసినవాణ్ణి దాచడానికి మనకు 'బడు' అక్కర్లేదు, వేరే దారులున్నాయి. కర్ఫ్యూ రోజుల్లో మా పరీక్షలు ఆగినప్పుడు 'పరీక్ష వాయిదా వేశారు' అనేవాళ్ళు కొందరు, 'పరీక్ష వాయిదా పడింది' అనేవాళ్ళు కొందరు. రెండో దాంట్లో పరీక్ష తనంతట తానే జారి పడ్డట్టుంటుంది. గ్లాసు చేతిలోంచి జారితే పిల్లవాడు "గ్లాసు పగలగొట్టాను" అనడు. "అమ్మా, గ్లాసు పగిలిపోయింది" అంటాడు. గల్లీలో దోస్తు కూడా "టూట్ గయా" అనే అంటాడు. ఈ విద్య మనకు ఏ భాషలోనైనా పుట్టుకతోనే వస్తుంది.

అందుకే సారు 'బై' గురించి చెప్పిన మాట మీ ముందుంచుతున్నాను. "చేసినోడు ఎవరో తెల్వకపోతే 'బై' వదిలెయ్యి. అందరికీ తెలిసినోడైతే వదిలెయ్యి. చెప్పే అవసరం లేకపోతే వదిలెయ్యి. భయపడి మాత్రం వదలకు." పరీక్షలో ఈ నాలుగోది అడగరు, అందుకని మేము రాసుకోలేదు.

నాకు అది 1992లో అడిగారు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో కొత్త ఉద్యోగం, రెండో షిఫ్టు. ఒక ట్యాంకులో నీళ్ళు తగ్గితే మోగే అలారం ఉండేది. అందులో తేలే బుడ్డి ఇరుక్కుపోతూ, నీళ్ళున్నా ఊరికే మోగేది. బాగు చేయించమని రెండుసార్లు పుస్తకంలో రాశాం, ఎవరూ చేయలేదు. ఆ సాయంత్రం మోత భరించలేక నేనే స్విచ్ ఆపేశాను. షిఫ్టు దిగేముందు వేద్దామనుకున్నాను. మరిచిపోయి ఇంటికొచ్చాను. రాత్రి ట్యాంకు నిజంగానే ఖాళీ అయింది. పంపు నీళ్ళు లేకుండా తిరిగి తిరిగి వేడెక్కి, సీలు కాలి, షాఫ్టు పట్టేసింది.

పొద్దున రిపోర్టు రాసే పని నాదే. ఇట్లా రాశాను: 'ది లో లెవెల్ అలారం హ్యాడ్ బీన్ స్విచ్డ్ ఆఫ్.' వ్యాకరణం చూడండి, వంక పెట్టడానికి లేదు. 'హ్యాడ్ బీన్' ఉంది, మూడో రూపం ఉంది, 'ఆఫ్' తన చోట తాను ఉంది. తొమ్మిదో తరగతిలో అయితే పదికి పది. లేనిది ఒక్క 'బై'.

వాక్యంలో చేసినవాడి చోటు ఖాళీగా ఉంటే, చదివేవాళ్ళు అక్కడ ఎవరో ఒకరిని కూర్చోబెడతారు. మా వాళ్ళు రాత్రి పంపు చూసే మనిషిని కూర్చోబెట్టారు. మా నాన్న వయసు ఉంటుంది ఆయనకు. కాంట్రాక్టు కూలీ. మన లాల్ దర్వాజా వైపు నుంచే వచ్చేవాడు, నన్ను 'సార్' అని పిలిచేవాడు. మర్నాడు గేటు దగ్గరే ఆయనను వాపసు పంపేశారు. సారు బోర్డు మీద రాస్తే 'హీ వాజ్ టర్న్‌డ్ అవే ఎట్ ది గేట్' అని రాసేవారు. నేను లోపలి కిటికీలోంచి చూశాను. బయటికి రాలేదు.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పొద్దున బస్సులో నయాపూల్ దాటుతుంటే కింద మూసీ కనిపించింది. చీపురు గుర్తొచ్చింది, సారు గుర్తొచ్చారు, ఆ నాలుగో మాట గుర్తొచ్చింది. ఆఫీసుకు పోయి ఫైలు అడిగి తీసుకుని, ఆ వాక్యం చివర రెండు మాటలు చేర్చి సంతకం పెట్టాను: 'బై మీ.' మా మేనేజరు చదివి, చాలాసేపు నన్ను చూసి, "ఇది ముందే రాయాల్సింది" అన్నారు. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది, ఆ సంవత్సరం ఇంక్రిమెంటు ఆగింది. ఐదో రోజు ఆయన పనిలోకి వచ్చాడు. పోయిన నాలుగు రోజుల కూలీ నేను ఇవ్వబోతే వద్దనలేదు. లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకుని, "మొదలే రాస్తే అయిపోవు గద సార్" అన్నాడు. ఆ తర్వాత కూడా నన్ను 'సార్' అనే పిలిచాడు. ఆ పిలుపుకు తగినవాణ్ణని నాకు అనిపించడానికి చాలా కాలం పట్టింది.

పాసివ్ తప్పని నేను చెప్పడం లేదు. మా పనిలో అది లేకుండా గడవదు. 'మూత తీసే ముందు సప్లై కట్ ఆఫ్ చేయాలి' అనే నియమానికి ఎవరు అన్నది అక్కర్లేదు, ఎవరైనా చేయాల్సిందే. కానీ ఏదైనా పాడైనప్పుడు, ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు రాసే రిపోర్టులో 'వాజ్ స్విచ్డ్ ఆఫ్', 'వాజ్ లెఫ్ట్ అవుట్', 'వాజ్ పుట్ ఆఫ్' కనిపిస్తే నేను పక్కన పెన్సిలుతో 'బై?' అని రాస్తాను. ఒకరిని ఉరి తీయడానికి కాదు. ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు మనిషి కాదు, ఇరుక్కుపోయిన బుడ్డి. లేదా రెండుసార్లు రాసినా బాగు చేయని పద్ధతి. అడిగితేనే అది బయటికొస్తుంది. అడగకపోతే గేటు దగ్గర నిలబడ్డవాడి మీదికి పోతుంది.

మాట పక్క మాట మారితే ఏమవుతుందో కుర్ర ఇంజనీర్లకు ఒక ఉదాహరణ చెప్తుంటాను. 'ది క్రాక్ వాజ్ లుక్డ్ ఓవర్' అంటే పగులును పరిశీలించారు అని. 'ది క్రాక్ వాజ్ ఓవర్‌లుక్డ్' అంటే పగులును చూడకుండా వదిలేశారు అని. అవే రెండు ముక్కలు, ముందువెనకలు మారాయి. మొదటి వాక్యం రాసినవాడికి జీతం, రెండో వాక్యం రాసినవాడికి విచారణ.

ఈ కథంతా సారుకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. సెలవు దొరికినప్పుడు వెళ్దాం, పండగకు వెళ్దాం అని వాయిదా వేశాను. చూడండి, 'వాయిదా పడింది' అనబోయి సర్దుకున్నాను. ఒక రోజు మన పూర్వ విద్యార్థుల గ్రూపులో ఎవరో పెట్టారు: 'అవర్ ఇంగ్లీష్ సర్ వాజ్ పాస్డ్ అవే.' ఏడుస్తూనే నా కన్ను ఆ 'వాజ్' మీద ఆగింది. సారు ఉంటే దిద్దేవారు. 'పాస్ అవే'కు పాసివ్ లేదు. పోవడం ఎవరికి వారే చేసే పని. దానికి 'బై' లేదు. నేను ఆ సందేశం దిద్దలేదు. అది పెట్టినవాడు కూడా ఏడుస్తూనే పెట్టి ఉంటాడు.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. మీరు పాఠం చెప్పేటప్పుడు సిలబస్‌లో లేని ఒక మాట పక్కన అంటుంటారు. పిల్లలు అది రాసుకోరు. రాసుకోలేదు గదా అని మానకండి. ఎవడికి ఏ బస్సులో అది గుర్తొస్తుందో తెలియదు.

చివరగా, ఆ రోజు తప్పు చెప్పినందుకు సారు నాతో పదిసార్లు రాయించారు. ఈ వేదిక మీద పదకొండోసారి ఒక వాక్యం చెప్పి కూర్చుంటాను. తప్పుంటే మీరు దిద్దండి. 'ఐ వాజ్ బ్రాట్ అప్, టోల్డ్ ఆఫ్ అండ్ లుక్డ్ ఆఫ్టర్ ఇన్ దిస్ స్కూల్.' నన్ను పెంచారు, చీవాట్లు పెట్టారు, కనిపెట్టుకుని ఉన్నారు. చిన్న మాటలు మూడూ ఉన్నాయి. ఇక 'బై'. బై మా ఇంగ్లీషు సారు. బై నా లెక్కల టీచరమ్మ, ఆవిడ మూడో వరుసలో కూర్చున్నారు, నాకు కనిపిస్తున్నారు. బై గంట కొట్టి, వేసవిలో కుండలో నీళ్ళు పోసిన ఆయమ్మ. బై చెప్పుల్లేని రోజుల్లో ఎండ పడని పక్కన నన్ను నడిపించిన నా దోస్తులు.

ఈ 'బై' దగ్గర మాత్రం ఎవరినీ వదిలిపెట్టకూడదు. పేరు మరిచినవాళ్ళు నన్ను క్షమించాలి.